మేకు దిగని గోడ, గడప లేని వాకిలి: కొత్త ఫ్లాట్‌ని మన ఇల్లుగా చేసుకునే పనులు

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న మెసేజ్ ఒకటుంది. "అన్నా, కొత్త ఇంట్లోకి దిగాం, ఇల్లు బానే ఉంది, కానీ మనది అనిపించట్లేదు. తక్కువ ఖర్చులో మనమే ఏమన్నా చేసుకోవచ్చా?" అని. చేసుకోవచ్చు. ఈరోజు ఎపిసోడ్ అదే.

ముందే చెప్తున్నా, ఎల్ఈడీ స్ట్రిప్ లైట్లు, త్రీడీ వాల్‌పేపర్, ప్లాస్టిక్ గడ్డి లాంటివి ఈ వీడియోలో ఉండవు. అవి తప్పని కాదు. ఆ వీడియోలు తీసేవాళ్ల ఇళ్లు వేరు, మన నెల్లూరు తీరంలో ఇళ్లు వేరు. మన గాలిలో ఉప్పుంది, తేమ ఉంది. మన వానలు రాష్ట్రంలో మిగతా చోట్ల లాగా జూన్‌లో రావు. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అది కూడా తుఫాను గాలితో కలిసి వస్తుంది. వీటన్నిటికీ తోడు, ఇప్పుడు కట్టే చాలా ఇళ్లలో గోడలు ఇటుకవి కావు.

ఆ గోడ దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ ఆగిపోయేది అక్కడే.

మా మామకి, అంటే మా అమ్మ తమ్ముడికి, నెల్లూరులో టిడ్కో ఫ్లాట్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ టౌన్‌షిప్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పట్టణాల్లో కట్టిన ఇళ్లివి. వెంకటేశ్వరపురంలో, అల్లీపురంలో మీరు చూసే ఉంటారు, గ్రౌండ్ ప్లస్ మూడు అంతస్తుల బ్లాకులు వరసగా ఉంటాయి. ఇళ్లు మూడు సైజులు: 300, 365, 430 చదరపు అడుగులు. మామది 365, ఒక బెడ్‌రూమ్. అందులో మామ, అత్త, ఇద్దరు పిల్లలు, ఇప్పుడు మా తాత. తాత మైపాడు వైపు సముద్రం ఒడ్డున పుట్టి, డెబ్బై ఏళ్లు అక్కడే వల వేసిన మనిషి. అమ్మమ్మ పోయాక మామ బలవంతంగా తీసుకొచ్చాడు. వచ్చిన రెండో రోజే బస్సెక్కి వెనక్కి వెళ్లిపోయాడు. మామ పోయి తీసుకొచ్చాడు. మళ్లీ మూడు రోజులకి వెళ్లిపోయాడు. ఇట్లా నెల రోజులు. అక్కడ ఉన్న పాత ఇంటికి కప్పు సరిగ్గా లేదు, వానాకాలం ముందుంది. వాన మొదలయ్యేలోపు ఆయన ఈ ఇంట్లో నిలబడాలి, అదీ మామ టెన్షన్. నన్ను పిలిచాడు, "నువ్వు ఆ వీడియోలు చేస్తావు కదా, ఏమన్నా చేసి పెట్టు" అని.

నేను తాతని అడిగాను, ఇక్కడ నీకు ఏం తక్కువైంది అని. ఆయన చెప్పిన మొదటి మాట: "చొక్కా తగిలించేదానికి చోటు లేదు రా. మేకు కొడితే మేకే వంగిపోతా ఉండాది."

నిజమే. టిడ్కో ఇళ్లు షియర్ వాల్ టెక్నాలజీతో కట్టినవి. అంటే స్తంభాలు నిలబెట్టి మధ్యలో ఇటుక పేర్చడం కాదు. అల్యూమినియం పలకలతో గోడ ఆకారం బిగించి, లోపల ఇనుప మెష్ పెట్టి, కాంక్రీట్ పోసేస్తారు. గోడే బరువు మోస్తుంది. అందుకని రెండు సంగతులు. ఒకటి, సుత్తి, మేకు ఇక్కడ పనిచేయవు. రెండు, ఇది సీరియస్‌గా చెప్తున్నా, ఆ గోడని పగలగొట్టి గూడు చేద్దాం, కిటికీ పెద్దది చేద్దాం, రెండు రూములు కలిపేద్దాం అని ఎవరన్నా మేస్త్రీ అంటే ఒప్పుకోవద్దు. అది మీ ఒక్క ఇంటి గోడ కాదు, పైన ఉన్న ఇళ్లన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. ప్రైవేట్ అపార్ట్‌మెంట్లలో కూడా ఇప్పుడు ఈ పద్ధతి చాలా వచ్చింది. గోడ మీద వేళ్లతో కొట్టి చూడండి, ఎక్కడ కొట్టినా ఒకేలా టక్ టక్‌మని గట్టిగా వస్తే, మీది కూడా ఇదే కావచ్చు. బిల్డర్‌ని అడిగి కన్ఫర్మ్ చేసుకోండి.

మరి చిన్న రంధ్రాలు? అవి పర్లేదు. హ్యామర్ మోడ్ ఉన్న డ్రిల్లింగ్ మిషన్ కావాలి, అద్దెకి దొరుకుతుంది, కొనాల్సిన పని లేదు. కాంక్రీట్ బిట్ 6 ఎంఎం. బిట్ మీద 35 ఎంఎం దగ్గర టేప్ చుట్టండి, లోతు దాటకుండా. లోపల కమ్మీ తగిలితే బిట్ ముందుకు పోదు, సౌండ్ మారిపోతుంది. అప్పుడు బలవంతంగా నొక్కకుండా అంగుళం పక్కకి జరగండి. స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైన, కింద, పక్కన ఉండే లైన్‌లో అసలు పెట్టొద్దు, కరెంటు పైపులు గోడలో ఆ లైన్‌లోనే పోయి ఉంటాయి. బాత్‌రూమ్, వంటగది కుళాయిల దగ్గరా అంతే. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి.

ఇప్పుడు నా అసలు ఐడియా. ఒక్కో వస్తువుకీ ఒక్కో రంధ్రం పెట్టొద్దు. నాలుగడుగుల చెక్క పట్టీ ఒకటి తీసుకోండి, నాలుగు అంగుళాల వెడల్పు, అంగుళం మందం. దాన్ని గోడకి నాలుగే నాలుగు ప్లగ్గులతో బిగించండి. ఇక ఆ తర్వాత మీకు కావాల్సిన మేకులు, హుక్కులు, కొయ్యలు అన్నీ చెక్కలోకి. రేపు మనసు మారితే చెక్కలో మార్చుకోండి, గోడ జోలికి వెళ్లక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి కూడా ఓనర్‌తో గొడవ తక్కువ, నాలుగు రంధ్రాలు పుట్టీతో మూసేసి పోవచ్చు.

పాత ఇళ్లలో గోడకి చిలక్కొయ్యలు ఉండేవి, గుర్తుందా? మీలో సగం మందికి ఆ మాటే తెలిసి ఉండదు. చొక్కా, సంచీ, గొడుగు తగిలించే చెక్క కొయ్య. పట్టీకి ఆరు చిలక్కొయ్యలు పెడదామని అనుకున్నాం. నేను ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టబోతుంటే తాత ఆపాడు. మైపాడు నుంచి ఒక సరుగుడు కర్ర తెచ్చాడు. మన తీరం ఇసుక నేలల్లో ఎటు చూసినా సరుగుడు తోపులే కదా. నీడలో బాగా ఎండిన కర్ర తెచ్చుకోండి, పచ్చిది అయితే పగులుతుంది. ఆయన కూర్చుని కత్తితో ఆరు కొయ్యలు చెక్కాడు. నేను పట్టీలో ఏటవాలుగా రంధ్రాలు పెట్టాను, కొంచెం పైకి వాలితే బట్ట జారదు. మిగిలిన కర్రతో దండెం. రెండు చివర్లా తాడు కట్టి ఆ పట్టీకే వేలాడదీశాం.

ఇక్కడ కాస్త ఆగి ఒక రీసెర్చ్ సంగతి చెప్తా. హైదరాబాద్‌లో 2018 ఆగస్టులో ఐకియా స్టోర్ తెరిచినప్పుడు జనం ఎట్లా ఎగబడ్డారో మీకు తెలుసు, దేశంలో అదే మొదటిది. ఆ కంపెనీ సామాను విడి భాగాలుగా ఇస్తుంది, మనమే బిగించుకోవాలి. మైకేల్ నార్టన్, డేనియల్ మోకాన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు 2012లో ఒక పేపర్ వేశారు, దాని పేరే ఐకియా ఎఫెక్ట్. జనంతో డబ్బాలు బిగించారు, కాగితంతో బొమ్మలు మడత పెట్టించారు, లెగో కట్టించారు. మనం చేతితో చేసిన వస్తువు ఎంత వంకరగా ఉన్నా దానికి మనం ఎక్కువ విలువ కడతాం అని తేలింది. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియని సగం ఇది: పని సగంలో ఆగిపోయినా, చేసింది వెంటనే విప్పేసినా ఆ ఎఫెక్ట్ పోతుంది. పూర్తి కావాలి.

దీంట్లోంచి నేను రెండు తీసుకున్నా. ఒక ఆదివారంలో అయిపోయే పనే పెట్టుకోండి. నెల రోజుల ప్రాజెక్ట్ మొదలుపెట్టి హాల్లో చెక్కలు, పెయింట్ డబ్బాలు వదిలేస్తే ఇల్లు ఇంకా పరాయిదవుతుంది. రెండోది దీనికంటే ముఖ్యం. ఎవరికి ఇల్లు పరాయిగా ఉందో, చెయ్యి వాళ్లది పడాలి. నేను పోయి మొత్తం నీట్‌గా చేసి పెట్టి ఉంటే ఆ ఇల్లు నాకు నచ్చేది, తాతకి కాదు. మనం ఏం చేస్తామంటే అమ్మానాన్నలకి, పెద్దవాళ్లకి "నువ్వు కూర్చో, నేను చేస్తా" అని ప్రేమగా చెప్తాం. వీడియోకి కూడా బాగుంటుంది. వాళ్ల చేతిలోంచి మాత్రం ఇల్లు జారిపోతుంది. నేను రంధ్రాలు పెట్టే కూలీని, అంతే.

సరే, అత్త సంగతి. అత్తకి గోడతో ఇబ్బంది లేదు. "గడప లేని ఇల్లు సత్రం మాదిరి ఉండాది" అంది. చాలా కొత్త ఫ్లాట్లలో గుమ్మానికి కింద గడప ఉండట్లేదు, టైల్ నేరుగా బయటికి పోతుంది. శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టేదానికి చోటే లేదు. దీనికి టైల్‌లో డ్రిల్ చేయొద్దు, పగులుతుంది. వేప చెక్క గానీ టేకు గానీ, గుమ్మం వెడల్పుకి ఒక పట్టీ కోయించండి. ఎత్తు అరంగుళం దాటొద్దు, పై అంచులు రెండు వైపులా ఏటవాలుగా చెక్కించండి, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారు, కాలు తట్టుకుని పడితే తుంటి ఎముక పోతుంది. తలుపు కింద సందు ఎంతుందో ముందు కొలవండి. టైల్ శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, సిలికాన్ సీలెంట్‌తో అంటించి ఒక రోజంతా తొక్కకుండా వదిలేయండి. తర్వాత తీయాలంటే బ్లేడుతో కోస్తే వచ్చేస్తుంది. అత్త దానికి పసుపు రాసిన రోజు, పక్క ఫ్లాట్ ఆవిడ వచ్చి కొలత రాసుకుని పోయింది.

ఇక బాల్కనీ. తాత అసలు సమస్య ఇక్కడే ఉందని నాకు తర్వాత అర్థమైంది. ఊళ్లో ఇంటి ముందు తాటాకు పందిరి, దాని కింద కూర్చునే చోటు. వచ్చేపోయేవాళ్లు కనపడతారు, పలకరిస్తారు. ఇక్కడ తలుపు వేస్తే నాలుగు గోడలు. "గోడకి చెవి పెడితే పక్కింటోళ్ల టీవీ వినపడతా ఉండాది, సముద్రం వినపడ్లా" అన్నాడు ఒకసారి. నవ్వుకున్నాం గానీ, ఇది ఆయన ఒక్కడి మాట కాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడులో నాగపట్నం వైపు మత్స్యకారులకి కట్టించిన కాలనీల మీద జెన్నిఫర్ డుయెన్ బారెన్‌స్టీన్ అనే పరిశోధకురాలు పనిచేశారు. గట్టి కాంక్రీట్ ఇళ్లు వచ్చాయి, కానీ చదునైన కప్పు వల్ల లోపల వేడి. ఇళ్ల కోసం నీడనిచ్చే చెట్లు కొట్టేశారు. ఇంటి ముందు అరుగు పోయింది. మన అరుగునే వాళ్లు తిణ్ణై అంటారు. జనానికి ఇంటి లోపలి కంటే ఇంటి ముందు జరిగే జీవితం ఎక్కువ అని కట్టేవాళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

మనకి ఉన్నది చిన్న బాల్కనీ. అందులో అరుగు ఎట్లా? మడత పెట్టే బెంచీ కొనొచ్చు, కానీ దాని కీళ్లు మన గాలికి ఎంత కాలం ఆగుతాయో మీరే చూడండి. మాకు ఒక అదృష్టం ఉంది. సునామీ తర్వాత సాయంగా ఫైబర్ బోట్లు వచ్చాక పాత చెక్క తెప్పలు చాలావరకు మూలన పడ్డాయి. తాత దగ్గర ఒక తెప్ప దూలం మిగిలి ఉంది. తేలడానికి వాడే చెక్క కాబట్టి చూసేదానికి లావుగా ఉన్నా బరువు తక్కువ. మూడున్నర అడుగులు కోయించి, పైన చదును చేయించి, కింద రెండు సరుగుడు ముక్కలు అడ్డం పెట్టాం. మేకు ఒక్కటి లేదు, తాడుతోనే బిగించాడు. నేను ఆ ముడి రెండుసార్లు స్లో మోషన్‌లో చూసినా నాకు రాలేదు. మీ ఇంట్లో తెప్ప దూలం ఉండదు, తెలుసు. పాత మంచం పట్టె, పాత తలుపు చెక్క, బీరువా పలక ఏదో ఒకటి ఉంటుంది, పారేయకండి.

ఎండకి రెండు పనులు చేశాం. చిరిగిన నైలాన్ వల ఒకటి బాల్కనీ రెయిలింగ్ నుంచి పైదాకా కట్టాం, కింద రెండు బకెట్లలో బీర పాదు, శంఖపుష్పం తీగ. బకెట్లకి అడుగున రంధ్రాలు, కింద పళ్లెం, లేకపోతే కింది ఇంటివాళ్ల బట్టల మీద మట్టినీళ్లు. తీగ పాకేదాకా వట్టివేళ్ల తడక. ఈ తడక గురించి ఒక టెక్నికల్ పాయింట్. నీళ్లు చల్లితే చల్లబడేది నీరు ఆవిరి అవుతుంది కాబట్టి. మే నెలలో పడమటి వడగాలి వీచినప్పుడు గాలి పొడిగా ఉంటుంది, అప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సాయంత్రం సముద్రం గాలి తిరిగాక గాలిలో ఆల్రెడీ తేమ నిండి ఉంటుంది, అప్పుడు ఎన్ని నీళ్లు పోసినా ఇల్లు ఉక్కపోయడమే తప్ప చల్లబడదు. ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచి హ్యుమిడిటీ చూడండి. 40 శాతం లోపు ఉంటే తడపండి, 60 దాటితే తడక ఎత్తేసి గాలి రానివ్వండి. తాతకి యాప్ అక్కర్లేదు, బాల్కనీలోకి వచ్చి మొహం అటు తిప్పి చెప్పేస్తాడు.

బాల్కనీలో నా రూల్ ఒకటే, పది నిమిషాల్లో విప్పి లోపల పెట్టలేనిది అక్కడ కట్టొద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను గుర్తుందా? 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకుముందు మన నెల్లూరు తీరం వెంబడే పైకి పోయింది. ఆ గాలిలో మూడో అంతస్తు నుంచి ఒక పూలకుండీ కింద పడితే ఎవరి తల మీద పడుతుందో. అందుకని వలకి, తడకకి అన్నీ జారుముడులు, ఒక్క లాగుతో ఊడొచ్చేవి. కుండీలు రెయిలింగ్ పైన కాదు, నేల మీదే.

సముద్రానికి ఒకటి రెండు కిలోమీటర్లలో ఇల్లు ఉన్నవాళ్లు, మైపాడు, ఇసకపల్లి, కృష్ణపట్నం వైపు వాళ్లు, సామాన్లు కొనేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మామూలు ఇనుప స్క్రూ మీ దగ్గర త్వరగా తుప్పు పట్టి గోడ మీద ఎర్ర చార దింపుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. 304 గ్రేడ్ సరిపోతుంది, బయట సముద్రం గాలి నేరుగా తగిలే చోట అయితే 316, దాంట్లో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుకి ఎక్కువ ఆగుతుంది. రేటు ఎక్కువే, కానీ నాలుగు స్క్రూలే కదా. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే అలమరలు ఎక్కువగా రంపపు పొట్టు అదిమి చేసినవి, తేమకి ఉబ్బిపోతాయి. ప్లైవుడ్ తీసుకుంటే దాని మీద ఐఎస్ 710 ముద్ర చూడండి, అది మెరైన్ గ్రేడ్. తాడు కావాలంటే ఫ్యాన్సీ షాపుకి పోకండి, వలలు అమ్మే షాపుకి పోండి. ఎండకి, ఉప్పునీటికి తట్టుకునేలా చేసిన తాడు అక్కడ కిలోల లెక్కన దొరుకుతుంది.

వాల్‌పేపర్ స్టిక్కర్ల గురించి ఒక్క ముక్క. మామ కొడుకు హాల్లో ఒక గోడకి ఇటుక డిజైన్ స్టిక్కర్ అంటించాడు. కొత్త కాంక్రీట్ గోడలో ఇంకా తేమ ఉంటుంది, అది బయటికి పోవాలి. స్టిక్కర్ వేస్తే దాని వెనక బూజు పడుతుంది. మూల ఎత్తి చూస్తే నల్లగా చుక్కలు. పిల్లలకి దగ్గు ఉన్న ఇంట్లో ఇది అస్సలు వద్దు. పీకేసి, గోడ ఆరబెట్టి, ఆ చోట పిల్లలకి ఒక పలక పెట్టాం, అది కూడా చెక్క పట్టీకి వేలాడదీసిందే. గోడ మీద రాతలు ఆగిపోయాయి.

పై అంతస్తు వాళ్లు అడుగుతారు, వేడి సంగతేంటి అని. డాబా పైన తెల్ల సున్నం వేయండి. సున్నంలో ఫెవికాల్ లాంటి బంక కలిపి రెండు కోట్లు, వేసవి మొదలవక ముందే. ఎండని వెనక్కి కొట్టడం వల్ల లోపల కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, సూత్రం ఇదే. మనకి వానాకాలంలో సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. డాబా అందరిదీ కదా, బ్లాక్‌లో మాట్లాడి, ఇంటికి ఇంత అని వేసుకుని చేయండి. ఇది ఒక్కరే చేస్తే గొడవ, పదిమంది చేస్తే పండగ.

ఖర్చు చెప్పమంటారు ఎప్పుడూ. డ్రిల్ అద్దె, చెక్క, స్క్రూలు, సిలికాన్, కోత కూలీ అన్నీ కలిపి మాకు మూడు వేలు దాటలేదు. దూలం, కర్ర, వల ఊరి నుంచి వచ్చినవి, వాటిని ఆటోలో తెచ్చిన ఖర్చు మామది.

తాత ఇప్పుడు ఏం చేస్తున్నాడు? మైపాడు పోవడం మానలేదు. మానతాడని నేను అనుకోలేదు కూడా, అక్కడ ఆయన మనుషులున్నారు. వారానికి ఒకసారి పోతున్నాడు, సాయంత్రానికి తిరిగొస్తున్నాడు, వచ్చేటప్పుడు తాడు చుట్ట తెస్తున్నాడు. బాల్కనీలో ఆ దూలం మీద కూర్చుని ఉట్టి అల్లుతున్నాడు. మొదటిది అత్త వంటగదిలో ఉల్లిపాయలకి. రెండోది గడప కొలత తీసుకుపోయిన ఆవిడకి. ఇప్పుడు బ్లాక్‌లో నాలుగైదు ఇళ్లవాళ్లు అడిగి ఉన్నారు, "మూడో అంతస్తు తాత" అంటే తెలుస్తుంది. మొన్న నేను ఫోన్ చేస్తే, "పెట్టెయ్ రా, పని ఉండాది" అన్నాడు.

సరే, మీ ఇంటి ఫోటో పంపేటప్పుడు గోడ ఎలాంటిదో, సముద్రం ఎంత దూరమో, ఎన్నో అంతస్తో తప్పకుండా రాయండి, అవి లేకుండా నేను ఏం చెప్పినా అంచనానే. వచ్చే ఎపిసోడ్‌లో తాత ఉట్టి ముడి చూపిస్తానన్నాడు, కెమెరా ముందుకి వస్తాడో రాడో చూద్దాం. ఉంటా మరి, బై.